మందగమన వేసిన మాల

వైశాఖ పౌర్ణమి నాడు సూర్యుడు కరేణుపురి మీద కాస్త తీరుబడిగానే ఉదయించాడు. అంత అందమైన నగరం కంటపడితే ఎవరు మాత్రం తొందరపడతారు? ఎర్రరాతి కోటగోడలు, గోడల మీద బారులు తీరిన రాతి ఏనుగులు, బంగారు కలశాల మీద వాలి తమ నీడ తామే చూసుకుని మురిసే పావురాలు, వీధివీధినా పన్నీటి కలాపి, గుమ్మగుమ్మానా అరటిబోదెలు. నగరం నడుమ చలువరాతి మంటపం. ఆ మంటపంలో గుమ్మడికాయంత చంద్రకాంతమణి. మణి నుంచి పగలూ రాత్రీ సన్నగా స్రవించే చంద్రధార. ఆ నీరు తగిలితే ఎంతటి మాయైనా విడిపోతుందని ప్రతీతి.

ఇంత వైభవాన్నీ కోట బయట తుమ్మపొద వెనుక నక్కి ముగ్గురు చూస్తున్నారు. అందులో ఇద్దరు మనుషులు, మూడవది పొట్టేలు.

పొట్టేలని తేలికగా అనేశాను కాని, అది తారావళీ రాజ్యపు పెద్ద రాకుమారుడు అరుణాంకుడు. వేటకు వెళ్లిన అడవిలో ధూమ్రజటి అనే మాంత్రికుడు క్షుద్రదేవతకు పొట్టేలును బలివ్వబోతుంటే, అరుణాంకుడు జాలిపడి కట్టు కోసి దాన్ని వదిలేశాడు. "పొట్టేలు మీద అంత ప్రేమ ఉంటే నువ్వే పొట్టేలువు కా" అని ధూమ్రజటి ఎముక మంత్రదండంతో తట్టాడు. అంతే, కిరీటం ఉండవలసిన చోట కొమ్ములు మొలిచాయి. తరువాత ఒక ముని, మాయ తగిలిన తరువాత వచ్చే మొదటి పౌర్ణమి నాడు సూర్యాస్తమయం లోపల చంద్రధారతో తలస్నానం చేయిస్తే అరుణాంకుడు మళ్లీ మనిషవుతాడని చెప్పాడు. పొద్దు గుంకితే మాత్రం బతికినన్నాళ్లూ పొట్టేలే. ఆ పౌర్ణమి ఈ రోజే.

తాడు పట్టుకున్నవాడు తమ్ముడు మృగాంకుడు. కత్తి పట్టడంలో సింహం, మాట మీద నిలబడడంలో కొండ, ఆలోచన దగ్గర మాత్రం ఎప్పుడూ పక్కవాడి మొహం చూస్తాడు. ఆ పక్కవాడు మహామంత్రి కొడుకు నీతిభూషణుడు. ఇద్దరూ ఒకే గురువు దగ్గర చదివారు, ఒకే విస్తట్లో తిన్నారు. నీతిభూషణుడికి తెలియని నీతి లేదు, అతడు చెప్పినవాటిలో పనికివచ్చిన ఉపాయమూ లేదు. తాంబూలం నమిలితేగాని అతడికి బుర్ర పనిచేయదు. నమిలి నమిలి, ఎడమచేతి చూపుడువేలు పైకెత్తాడంటే ఉపాయం వచ్చిందన్నమాట.

ఇప్పుడు ఎత్తాడు.

"మిత్రమా, ఒక ఉపాయం ఉంది" అన్నాడు.

మృగాంకుడు నిట్టూర్చి, "చెప్పు" అన్నాడు.

చిక్కంతా ఏమిటంటే, ఆ రోజు పరాయివాళ్లకు కోటలో ప్రవేశం లేదు. కరేణుపురి ముసలి రాజు బిడ్డలు లేకుండా కన్నుమూశాడు. ఇలాంటప్పుడు ఆ నగరానికొక ఆచారం ఉంది. పట్టపుటేనుగు మందగమన తొండానికి పూలమాల ఇచ్చి మైదానంలో వదులుతారు. ఊరంతా, ఆడా మగా, బీదా గొప్పా, దర్భచాపల మీద కళ్లు మూసుకుని చేతులు జోడించి కూర్చుంటారు. మాల ఎవరి మెడలో పడితే వారే ప్రభువు. ఏనుగు తిరుగుతున్నంతసేపూ కదలకూడదు, మెదలకూడదు, పెదవి విప్పకూడదు. కదిలినవాడు దేవుణ్ణి శంకించినట్టు. వాడికి రాజ్యం దక్కదు. ఒకప్పుడు ఇలాగే ఉయ్యాలలోని పసిపిల్ల రాణి అయింది. మరొకప్పుడు మజ్జిగ అమ్ముకునే చెవిటివాడు రాజై, ఎవరి చాడీలూ వినిపించక చల్లగా ఏలాడు.

ఈసారి అదనంగా తెల్లవారుతూనే కోట బురుజు మీద దండోరా కూడా వేశారు. "ఏనుగు తీర్పు దైవం తీర్పు. దానికి అడ్డు చెప్పినవారు ఎంతటివారైనా సరే, నాలుక కోయబడును. ఇది రాజగురువులు ప్రసన్నాచార్యులవారి ఆజ్ఞ."

నీతిభూషణుడి మొదటి ఉపాయం గొల్లల వేషం. భుజాన గొంగళ్లు వేసుకుని, చేత కర్రలు పట్టుకుని కోటగుమ్మం ముందు నిలబడి, పట్టాభిషేకపు విందుకు పొట్టేలు తెచ్చామన్నారు. ఆశ్చర్యం, దిడ్డితలుపు నిజంగానే తెరుచుకుంది. వంటశాల అధికారి బయటికి వచ్చి అరుణాంకుడి డొక్కలు నొక్కి చూశాడు, తొడ గిల్లి చూశాడు.

"బాగా బలిసింది. ధనియాలు దండిగా దట్టిస్తే ఊరు మొత్తానికి వస్తుంది" అన్నాడు మెచ్చుకోలుగా. "దీన్ని ఇక్కడ ఇచ్చేసి మీరు వెళ్లండి. మీకు లోపలికి సెలవు లేదు."

వెనుక ఒకడు కత్తి నూరడం మొదలుపెట్టాడు. వంటవాడు కొమ్ములు పట్టి లోపలికి లాగాడు, మృగాంకుడు వెనుక కాళ్లు పట్టి బయటికి లాగాడు.

"వదలండయ్యా, ఆయన మా అన్నగారు" అన్నాడు మృగాంకుడు, వేషం సంగతి మరిచిపోయి.

కావలివాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వులో పట్టు సడలింది. అన్నదమ్ములిద్దరూ ఒకే పరుగున తుమ్మపొదలో పడ్డారు.

రెండవ ఉపాయానికి మరో తాంబూలం ఖర్చయింది. ఈసారి పొట్టేలు నుదుట కుంకుమ, కాళ్లకు గజ్జెలు; వీళ్లిద్దరూ జోస్యులు. అడిగినదానికి అవునంటే తల ఊపి, కాదంటే కాలు తట్టి బదులిచ్చే మహిమగల పొట్టేలని చెప్పుకున్నారు. ఇందులో మోసం కూడా లేదు. పొట్టేలైనా అరుణాంకుడికి మనిషి తెలివి ఉంది. నిన్నటిదాకా తల్లి పేరు ఎత్తితే కంట నీరు పెట్టుకున్నాడు.

కావలినాయకుడికి ఆశ పుట్టింది. పొట్టేలు చెవి దగ్గర వంగి, "మా అత్తగారు ఈ నెలలోనైనా ఊరికి వెళ్తుందా?" అని అడిగాడు.

పొట్టేలు అతడి నడికట్టు కొస నమలసాగింది.

"అన్నా, తల ఊపు" అని మృగాంకుడు గుసగుసలాడాడు. పొట్టేలు తలెత్తలేదు. "అన్నా, అరుణాంకా, నేను." పొట్టేలు చెవి కూడా కదపలేదు. పేరు పిలిస్తే పసివాడిలా పరుగెత్తి వచ్చే అన్న, ఇప్పుడు పేరే తెలియనట్టు చూశాడు. లోపలి మనిషి చమురు అయిపోయిన దీపంలా మినుకుమినుకుమంటున్నాడని మృగాంకుడికి అర్థమైంది. సాయంత్రమైతే ఆ ఒంట్లో అరుణాంకుడనేవాడు ఇక ఉండడు.

కావలినాయకుడు నడికట్టు లాక్కుని ముగ్గురినీ మెట్ల మీద నుంచి గెంటించాడు. పాపం, అతడి బాధ అతడిది.

పొద్దు నడినెత్తి దాటింది. నీతిభూషణుడి తాంబూలపు సంచి ఖాళీ అయింది. ఆకు లేక ఉత్త నోరే నములుతూ కూర్చున్నాడు. అంతలో దారిలో ఒక పూలబండి గోతిలో దిగబడింది. మల్లెల రాశి మీద కూర్చున్న ముసలమ్మ ఎద్దులను అదిలిస్తోంది తప్ప బండి కదలడంలేదు. మృగాంకుడు ఏమీ ఆలోచించకుండా వెళ్లి చక్రం కింద భుజం పెట్టి లేపాడు.

ఆమె చెంగల్వమ్మ. పట్టపుమాల కట్టేది ఆమే. ఆమె తల్లీ, తల్లి తల్లీ అదే పని చేశారట. మాలను తడిబట్టలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

"ఏం కావాలి నాయనా నీకు?" అంది.

నీతిభూషణుడు వేలెత్తి ఏదో కట్టుకథ మొదలుపెట్టబోయాడు. మృగాంకుడు అతణ్ణి పక్కకు నెట్టి ఉన్న సంగతంతా చెప్పేశాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు కూడా. చెంగల్వమ్మ పొట్టేలును ఎగాదిగా చూసి, బండిలో చోటు చూపించింది.

"ఎక్కండి. లోపల నేను చేయగలిగింది ఏమీ లేదు మరి. ఆ మంటపం తాళం రాజుకు తప్ప ఇంకెవరికీ తీయరు."

"అవ్వా, ఇంతకూ ఆ మాల ఎవరికి పడుతుందంటావు?" అని నీతిభూషణుడు ఆరా తీశాడు.

"మాల కట్టడం నా పని బాబూ. ఎవరి మెడకని నేనెప్పుడూ అడగలేదు" అంది ఆమె, ఎద్దులను అదిలిస్తూ.

ముగ్గురూ మల్లెల కింద దూరారు. మూడవ ఉపాయం నీతిభూషణుడు పూల కిందే చెప్పాడు: బండి మంటపం పక్కగా పోయేటప్పుడు జారి దిగి, తాళం విరగ్గొట్టి, పొట్టేలును ధార కింద నిలబెట్టడం. దివ్యంగా ఉంది. ఒక్క చిన్న సంగతి మాత్రం అతడు లెక్కలోకి తీసుకోలేదు. ఉదయం నుంచి కడుపులో పచ్చిగడ్డి పరక లేని పొట్టేలును తెచ్చి మల్లెపూల కింద దాచాడు.

బండి గుమ్మం దాటింది, రాజవీధి దాటింది. రాశి తరిగింది. మైదానం చేరేసరికి అరుణాంకుడు పైకప్పు మొత్తం తినేశాడు. మైదానం నడుమ, నిండు ఎండలో, ఖాళీ బండిలో మూడు తలలు బయటపడ్డాయి. భటులు ఈటెలతో చుట్టుముట్టారు. మృగాంకుడినీ నీతిభూషణుడినీ ఒకే తాడుతో బండి చక్రానికి కట్టేశారు. ఉత్సవం కాగానే శిక్ష అన్నారు. పట్టపుమాల ఒళ్లో ఉంది కనుక చెంగల్వమ్మ జోలికి మాత్రం పోలేదు. ఆ తోపులాటలో పొట్టేలు మెడతాడు తెంచుకుని జనంలోకి దూకి మాయమైంది.

మంటపం ఎదురుగానే ఉంది. కటకటాల వెనుక ధార మెరుస్తోంది, దాని చప్పుడు కూడా వినిపిస్తోంది. కన్ను చేరుతున్న చోటికి కాలు చేరడంలేదు.

వేదిక మీద రాజగురువు ప్రసన్నాచార్యుడు కొలువై ఉన్నాడు. పాలనురుగులాంటి గడ్డం, చల్లని చిరునవ్వు. జనం ఆయన పాదధూళి కళ్లకద్దుకుంటున్నారు. మీకు మాత్రం చెబుతాను, ఎవరితోనూ అనకండి: ఆ గడ్డానికి తెలుపు మాయది. లోపలున్నవాడు ధూమ్రజటి. తన మాయకు విరుగుడు లోకంలో ఈ చంద్రధార ఒక్కటే అని తెలిసి, దాన్ని గుప్పిట పట్టడానికి గురువు వేషంలో దిగబడ్డాడు. రాజు పోగానే ఇంకో పన్నాగం పన్నాడు. తన శిష్యుడు గుండోదరుణ్ణి సింహాసనం ఎక్కించాలని, రోజూ చాటుగా ఏనుగుసాలకు పంపి, వాడి తలపాగాలోంచి ఇప్పపూల లడ్డూలు తినడం మందగమనకు మప్పాడు. ఇప్పపూలంటే ఏనుగులు ప్రాణం పెడతాయి. ఈ రోజూ గుండోదరుడి తలపాగాలో ఆ లడ్డూలే ఉన్నాయి. ఎవడూ నోరెత్తకూడదనే ఆ దండోరా కూడా వేయించాడు. మనిషి వేసిన పథకాలలో ఇంత పకడ్బందీది నేను మరొకటి ఎరగను.

చక్రానికి కట్టుబడి ఉన్న నీతిభూషణుడు కష్టం మీద ఎడమ వేలెత్తాడు.

"మిత్రమా, ఒక ఉపాయం..."

"చాలు" అన్నాడు మృగాంకుడు. కోపంగా కాదు, అలసటగా అన్నాడు. "పొద్దున్నుంచి నీ తెలివీ అయింది, నా బలమూ అయింది." ఆపైన ఆకాశం వంక చూశాడు. "అమ్మా జగన్మాతా, మాకు చేతనైనదంతా చేశాం, చేసినదంతా చెడిపోయింది. ఇక నా దగ్గర ఏమీ లేదు. మా అన్న నీ బిడ్డ. నీ ఇష్టం" అన్నాడు.

బండి మీద నుంచి చెంగల్వమ్మ, "నారు పోసినవాడు నీరు పోయకపోతాడా" అని గొణిగి, తడిబట్ట విప్పి మాల మావటివాడికి అందించింది.

శంఖం మోగింది. వేలమంది కళ్లు మూసుకున్నారు. మైదానమంతా చడీచప్పుడూ లేదు.

మందగమన బయలుదేరింది. నుదుట సింధూరం, వీపున పట్టువస్త్రం, దంతాలకు పసిడి పొన్నులు. పేరుకు తగ్గట్టు అడుగులో అడుగు వేసుకుంటూ, తొండాన మాల పట్టుకుని వరుసల నడుమ నడుస్తోంది. ముందువరుసలో గుండోదరుడు బొజ్జ ముందుకు వేసి, కళ్లు గట్టిగా మూసి కూర్చున్నాడు. నెత్తిన బిందెంత తలపాగా.

అప్పుడు వాడి వెనుక పొట్టేలు ప్రత్యక్షమైంది.

మల్లెలు ఎన్ని తిన్నా మల్లెలే కదా, ఆకలి ఆగుతుందా? ఇప్పపూల వాసన దాన్ని జనంలోంచి ఈడ్చుకొచ్చింది. ముందు తలపాగా అంచు లాగింది. గుండోదరుడు ఉలిక్కిపడ్డాడు, కాని కదలలేదు. కదిలితే రాజ్యం పోతుంది. పొట్టేలు ముందుకాళ్లు రెండూ వాడి భుజాల మీద వేసి, సావకాశంగా తలపాగా చుట్లు విప్పింది. లడ్డూ దొరికింది, తిన్నది. ఇంకోటి దొరికింది, అదీ తిన్నది. గుండోదరుడి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, పెదవి మాత్రం విప్పడు. చివరికి పొట్టేలు వాడి బోడితల కూడా ఒకసారి నాకి చూసి, ఉప్పగా ఉందని వదిలేసింది. వేదిక మీద ధూమ్రజటి అంతా చూస్తూనే ఉన్నాడు. అరుద్దామంటే అరిచినవాడు దేవుణ్ణి శంకించినట్టు. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాడు.

"ఇది నా ఉపాయంలో భాగమే" అని నీతిభూషణుడు గుసగుసలాడాడు.

మందగమన వచ్చి గుండోదరుడి ముందు ఆగింది. తొండం చాచి వాడి నెత్తి మూచూసింది. ఏమీ లేదు. పక్కనే నిలబడి మూతి నాక్కుంటున్న పొట్టేలును మూచూసింది. చెవులు ఆడించింది. నుదుటి నుంచి మూతి దాకా ముద్దుగా నిమిరింది. మాల తీసి పొట్టేలు మెడలో వేసింది.

భేరీలు మోగాయి. ఊరంతా కళ్లు తెరిచి కొత్త ప్రభువును చూసింది. కొత్త ప్రభువు మాలలోని తామరపువ్వు నములుతున్నాడు.

ముందుగా తేరుకున్నది వృద్ధమంత్రి సోమదత్తుడు. ముగ్గురు రాజులను చూసిన మనిషి, దేనికీ బెదరడు. వేదిక దిగి వచ్చి పొట్టేలుకు వంగి నమస్కరించాడు.

"మంత్రివర్యా, ఏమిటిది, అది పశువు" అన్నాడు ధూమ్రజటి. దగ్గరికి వచ్చి చూసేసరికి వాడికి పొట్టేలు ఆనవాలు దొరికింది. తన చేతిపనిని తానే గుర్తుపట్టకపోతాడా? మొహం పాలిపోయింది.

"గురుదేవా, ఏనుగు తీర్పు దైవం తీర్పు అని పొద్దున మీరే కదా దండోరా వేయించారు" అన్నాడు సోమదత్తుడు వినయంగా. పక్కనే నాలుకలు కోసే తలారి, తన పని వచ్చిందేమోనని కత్తి తుడుచుకుంటూ ముందుకు వచ్చాడు. ధూమ్రజటి నోరు ఠక్కున మూతపడింది.

"పొట్టేలు రాజ్యం ఏలుతుందా?" అని జనంలో ఎవరో అడిగారు, కత్తి చూసి అంతలోనే తల దించుకుని.

"ఎందుకేలదు? యుద్ధాలకు పోడు, కొత్త పన్నులు వేయడు, మహా అయితే తోటలో నాలుగు మొక్కలు తింటాడు. మునుపటి ప్రభువులు తిన్నదానితో పోలిస్తే అదెంత?" అన్నాడు సోమదత్తుడు. జనానికి ఆ మాట నచ్చింది. జయజయధ్వానాలు చేశారు.

"ఆచారం ప్రకారం" అని మంత్రి కొనసాగించాడు, "కొత్త ప్రభువుకు పొద్దు గుంకేలోపల రాజగురువులు స్వహస్తాలతో చంద్రధారా జలంతో తలస్నానం చేయించాలి. మంటపం తాళాలు తీయండి."

బండిచక్రం దగ్గర మృగాంకుడు ఆ మాట విని కొయ్యబారిపోయాడు. పొద్దున్నుంచి దొంగల్లా ఏ తాళం విరగ్గొట్టాలని చచ్చారో ఆ తాళాన్ని మంత్రులే తీస్తున్నారు. ఏ నీటిచుక్క కోసం తపించారో ఆ నీటిని బంగారు కలశంలో నింపుతున్నారు. పోయవలసిన చెయ్యి, అన్నను పొట్టేలుగా చేసిన చెయ్యే. అది అతడికింకా తెలియదు.

తానొకటి తలిస్తే దైవం ఒకటి తలుస్తుందని పెద్దలు ఊరికే అన్నారా? అయితే ధూమ్రజటి కూడా తక్కువవాడు కాదు. తేలుకుట్టిన దొంగలా కాసేపు ఓర్చుకుని, కలశం ఎత్తి పట్టుకుని మంత్రం మొదలుపెట్టాడు. చదివేది మంత్రమో, కూరగాయల పేర్లో ఎవరికీ తెలియదు. ఒక్కొక్క అక్షరాన్నీ జీడిపాకంలా సాగదీస్తున్నాడు. పడమటి కొండ మీద సూర్యుడు ఎర్రబడ్డాడు. సగం దిగాడు.

"నీళ్లు పొయ్యి" అని మృగాంకుడు కేక పెట్టాడు. "పొయ్యవయ్యా, పుణ్యముంటుంది." భటులు అతడి నోరు నొక్కారు. తాళ్లు కోసుకుపోయి మణికట్ల నుంచి నెత్తురు కారుతోంది. అన్న మెడలో మాల ఉంది, అన్న నెత్తిన కలశం ఉంది, మధ్యన జానెడు ఎడం ఉంది. ఆ జానెడూ దాటించేవాడు లేడు.

సూర్యుడు పూర్తిగా దిగాడో లేదో చూసుకుందామని ధూమ్రజటి పడమటికి తిరిగాడు. తిరిగి, పొట్టేలుకు వీపు చూపించాడు. కాస్త వంగాడు కూడా. వంగిన మనిషిని చూసి ఊరుకున్న పొట్టేలు పుట్టలేదు, పుట్టబోదు.

అరుణాంకుడు రెండడుగులు వెనక్కి వేసి, తల దించి, ఒక్క పొడుపు పొడిచాడు. రాజగురువు గాలిలోకి లేచాడు, ఆయన చేతి కలశమూ లేచింది. స్వహస్తాలలోంచి జారిన చంద్రధార సగం పొట్టేలు నెత్తిన, సగం గురువు గడ్డం మీద భళ్లున కురిసింది. అదే క్షణాన సూర్యుడి చివరి అంచు కొండ వెనక్కి జారింది.

పొట్టేలు ఉన్నచోట నిలువెత్తు రాకుమారుడు నిలబడి ఉన్నాడు, మెడలో మాల, నోట్లో తామరరేకు. గురువు ఉన్నచోట తెల్లగడ్డం కరిగి నల్లగడ్డమై, నిప్పుల్లాంటి కళ్లతో ధూమ్రజటి లేస్తున్నాడు.

"తమ్ముడేడీ?" అన్నాడు అరుణాంకుడు మొట్టమొదట. మృగాంకుడు బదులివ్వబోతే ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ధూమ్రజటికి అసలు సంగతి వెలిగింది. బండిచక్రానికి కట్టుబడి ఉన్న ఆ తమ్ముడి వల్లే ఇంతా జరిగింది. ఒక్క గంతులో మంటపంలోకి దూకి చంద్రకాంతమణిని పెకలించి చంకన పెట్టుకున్నాడు. ధార ఠక్కున ఆగిపోయింది. రెండవ చేత్తో నడుము నుంచి ఎముకదండం తీసి మృగాంకుడి మీదికి విసిరాడు.

కట్లలో ఉన్న మృగాంకుడికి తప్పుకునే దారి లేదు. నీతిభూషణుడు నమలలేదు, వేలెత్తలేదు, ఉపాయం ఉందనలేదు. తాడు సాగినంత మేర ఎగిరి స్నేహితుడికి అడ్డంగా పడ్డాడు. దండం అతడి గుండెకు తగిలి, తిరిగి మాంత్రికుడి చేతికి చేరింది. నల్లటి పొగ లేచింది. పొగతోపాటు ధూమ్రజటి మణితో సహా ఉత్తరపు కొండలవైపు ఎగిరిపోయాడు.

చక్రం దగ్గర తాడులో ఒక సన్నపాటి పొట్టేలు చిక్కుకుని ఉంది. నోరు అదే పనిగా నములుతోంది.

భటులు కట్లు విప్పగానే మృగాంకుడు దాన్ని కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "ఒరే, ఆలోచించకుండా ఒక్కటంటే ఒక్క పని చేశావు కదరా, అది ఇదా" అన్నాడు. పొట్టేలు అతడి చెవి కొరికింది.

కరేణుపురి కొత్త ప్రభువు అరుణాంకుడు సింహాసనం ఎక్కి మొదట వంటశాల అధికారిని పిలిపించాడు. ధనియాల సంగతి గుర్తుచేశాడు. ఆ మనిషి నిలువునా వణికితే, క్షమించి, ఇకముందు విందుకు వంకాయలు వండమన్నాడు. తరువాత తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"వచ్చే పౌర్ణమి లోపల ఆ మణి తిరిగి రాకపోతే నీతిభూషణుడు మనకు దక్కడు. సేన ఇస్తాను, సోమదత్తుణ్ణి ఆలోచన చెప్పమంటాను" అన్నాడు.

"వద్దన్నా. నువ్వు ఈ సింహాసనం మీద కూర్చోవడానికి మేమేమన్నా ఆలోచన చేశామా? చేసి ఉంటే నువ్వీపాటికి ధనియాలలో ఉండేవాడివి" అన్నాడు మృగాంకుడు.

నిండు చంద్రుడు నడినెత్తికి వచ్చే వేళకు అతడు పొట్టేలుతో కోట దాటాడు. గుమ్మం దగ్గర చెంగల్వమ్మ ఒక చిన్న మూట ఇచ్చింది. "మల్లెలు. నీకు కాదు, అతడికి. దారిలో ఆకలేస్తుంది" అంది. "తమలపాకులు కూడా రెండు కట్టలు వేశాను."

కోట బయట దారి మూడు చీలికలైంది. ఒకటి ఏటివైపు, ఒకటి అడవిలోకి, ఒకటి బీడులోకి. ఉత్తరపు కొండలకు ఏది పోతుందో చెప్పే దిక్కు లేదు. మృగాంకుడు అలవాటు చొప్పున పక్కకు తిరిగి, "ఇప్పుడేం చేద్దాం నీతిభూషణా?" అన్నాడు. అని, నాలుక కరుచుకున్నాడు.

పొట్టేలు తమలపాకు నమలడం ఆపింది. మూడు దారులనూ మార్చి మార్చి చూసింది. ఎంతో గంభీరంగా ఎడమ ముందుకాలు పైకెత్తింది.

"మే" అంది.

అడవిదారిలో నాలుగు అడుగులు వేసి, వస్తున్నాడా లేదా అని వెనక్కి తిరిగి చూసింది. మృగాంకుడు కళ్లు తుడుచుకుని, మెడతాడు తీసి పొదలోకి గిరాటేశాడు. ఇన్నేళ్లలో నీతిభూషణుడు చెప్పిన ఉపాయాలన్నిటిలోకీ, మారుమాట్లాడకుండా మృగాంకుడు నడిచింది ఈ ఒక్కదాని వెనుకే.